గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (ఆగస్టు 29, 1863 - జనవరి 22, 1940) ఉపాధ్యాయుడు, భాషాశాస్త్రవేత్త, చరిత్ర పరిశోధకుడు, తెలుగులో వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు. గిడుగు రామమూర్తి పంతులుగా సుప్రసిద్ధుడు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. పాఠ్యపుస్తకాలలోను, పత్రికలలోను నేడు కనిపించే తెలుగుకు ఆయన చేసిన పోరాటం ఒక ముఖ్య కారణమని అందరికీ తెలుసు. అయితే ఆయన జీవితంలో మూడు దశాబ్దాలకు పైగా సాగిన మరొక కృషి తూర్పు కనుమలలోని సవరల భాషకు సంబంధించినది. లిపి లేని ఆ భాషను ఆయన నేర్చుకొని, దానిలో వాచకాలు వ్రాసి, పాఠశాలలు నడిపి, వ్యాకరణాన్ని, నిఘంటువులను నిర్మించాడు. తెలుగుకు, సవరకు, ఇంగ్లీషుకు మధ్య రాకపోకలకు వీలైన దారి వేసిన అనువాదకుడుగా ఆయన జీవితాన్ని పరిశీలించినప్పుడు, వాడుక భాష విషయంలో ఆయన పట్టుదలకు మూలం కూడా కొంతవరకు అర్థమవుతుంది.

బాల్యము - విద్యాభ్యాసము

రామమూర్తి శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార నది ఒడ్డున, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి వీరరాజు. వీరరాజు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయిన తరువాత 1875లో విషజ్వరంతో మరణించాడు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. విజయనగరంలో బంధువుల ఇంట ఉంటూ మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ పాఠశాలలో గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. వారి స్నేహం గురజాడ 1915లో మరణించేవరకు కొనసాగింది.

తండ్రి లేని కుటుంబంలో తమ్ముళ్ళ, చెల్లెళ్ళ పోషణ భారం పెద్దకొడుకైన ఆయనపై పడింది. పై చదువులకు అవకాశం లేక 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడుగా చేరాడు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1890ల దశకంలో బి.ఏ. పరీక్షలు పూర్తి చేశాడు. తరువాత అదే సంస్థలో కళాశాల తరగతులకు కూడా పాఠాలు చెప్పాడు. సుమారు మూడు దశాబ్దాల బోధన తరువాత 1911 ప్రాంతంలో విరమించాడు.

శాసన పరిశోధన

చిన్ననాడు చూసిన శ్రీముఖలింగ దేవాలయంలోని శాసనాలు రామమూర్తికి చరిత్రపై ఆసక్తి కలిగించాయి. ఆయన గురువు సహాయం లేకుండా పాత లిపులను స్వయంగా నేర్చుకున్నాడు. తూర్పు గాంగ రాజైన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటించాడు. శాసనాలను చదవడం వలన ఆయనకు రెండు అలవాట్లు అబ్బాయి. కనిపించిన అక్షరాన్ని ఉన్నది ఉన్నట్లు ఎత్తివ్రాసుకోవడం ఒకటి. భాష కాలాన్నిబట్టి మారుతూ వచ్చిందని ఆధారాలతో గ్రహించడం రెండవది. మొదటిది సవర భాషాధ్యయనంలోను, రెండవది వాడుక భాషను సమర్థించిన వ్యాసాలలోను ఆయనకు ఉపకరించింది.

సవరలు - సవర భాష

పర్లాకిమిడి ఆనాడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఒక జమీందారీ కేంద్రం. నేడది ఒడిషాలోని గజపతి జిల్లా ముఖ్యపట్టణం. పట్టణంలో తెలుగు, ఒడియా రెండూ వినబడేవి. పట్టణం దాటగానే మొదలయ్యే కొండలలో సవరలు నివసించేవారు. అటవీ ఉత్పత్తులు, పోడు పంట అమ్ముకోవడానికి వారు సంతలకు దిగివచ్చేవారు. వారి భాష మైదానంలోని వర్తకులకు గాని, అధికారులకు గాని తెలియదు. కనుక బేరానికి, అప్పు పత్రానికి, ఠాణాలో ఫిర్యాదుకు, కచేరీలో సాక్ష్యానికి సవరలు రెండు భాషలు తెలిసిన మధ్యవర్తి మీద ఆధారపడవలసి వచ్చేది. మధ్యవర్తి చెప్పిన మాటే సవర చెప్పిన మాటగా చెల్లుబాటయ్యేది. తన మాటను అవతలివారికి ఎలా చెప్పారో తెలుసుకునే మార్గం సవరకు లేదు. దుబాసీ నమ్మకస్థుడు కాకపోతే భూమి, పంట, పశువు ఏదైనా చేయిజారిపోవచ్చు.

సవరలు తమ భాషను సోరా అంటారు. ఇది ద్రావిడ భాషలకు గాని, ఒడియాకు గాని సంబంధించినది కాదు. ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలో ముండా శాఖకు, అందులోను దక్షిణ ముండా వర్గానికి చెందినది. అందువల్ల తెలుగువారికి కోయ, కువి, కొండ వంటి సోదర ద్రావిడ భాషలలో తోచే పోలికలు కూడా సవరలో దొరకవు. నేర్చుకోదలచినవారు మొదటి నుండి నేర్చుకోవలసిందే.

భాషాధ్యయనము

రామమూర్తి సవరను నేర్చుకోదలచినప్పుడు ఆ భాషకు తెలుగులో ఏ పుస్తకమూ లేదు. ఆయన తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంట ఉంచుకొని, రోజూ అతనితో మాట్లాడుతూ భాష నేర్చుకున్నాడు. కొండవాసిని ఇంటిలో ఉంచుకొని గురువుగా భావించడం ఆనాటి బ్రాహ్మణ గృహస్థులలో మామూలు విషయం కాదు. పాఠశాల సెలవులలో కొండలెక్కి గూడేలలో తిరిగి, విన్న మాటలను, పాటలను, కథలను వ్రాసుకున్నాడు. ఒక మధ్యవర్తి చెప్పిన అర్థంతో సంతృప్తి పడకుండా పలువురితో మాట్లాడి సరిచూసుకునేవాడు.

ఆ కొండలు మలేరియాకు పేరుపొందినవి. ఆయనకు జ్వరం సోకి, అందుకు వాడిన క్వినైన్ వలన వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు. పుస్తకం లేని భాషను కేవలం చెవితో పట్టుకోవలసిన పనిలో ఉన్న వ్యక్తికి అది చిన్న నష్టం కాదు. అయినా పని ఆగలేదు. ధ్వనులను పలికేటప్పుడు నాలుక, పెదవులు, కంఠం ఎలా కదులుతాయో వివరించే ధ్వనిశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని చదివాడు. స్వీట్, సేస్, విట్నీ వంటి పాశ్చాత్య భాషాశాస్త్రవేత్తల గ్రంథాలతో ఆయనకు పరిచయం ఏర్పడింది.

అనువాదంలో ఎదురైన సమస్యలు

సవరను తెలుగులోకి, తెలుగును సవరలోకి మార్చడం మాటకు మాట పెట్టడం వలన సాధ్యపడదు. ఇందుకు కొన్ని ఉదాహరణలు ఈ విధంగా ఉన్నాయి.

ధ్వనులు: సవరలో కంఠబిలాన్ని క్షణకాలం మూసి తెరవడం వలన పుట్టే ధ్వని ఉంది. పదాంతంలో గొంతు నొక్కిపెట్టినట్లు పలికే హల్లులు ఉన్నాయి. తెలుగు లిపిలో వీటికి అక్షరాలు లేవు. మొదట తెలుగు లిపిలోనే పుస్తకాలు వ్రాసిన రామమూర్తి, తరువాత శాస్త్రగ్రంథాలకు రోమన్ అక్షరాలపై ఆధారపడిన ధ్వనిలిపిని అనుసరించాడు. పిల్లల వాచకానికి ఒక లిపి, పండితుల నిఘంటువుకు మరొక లిపి అవసరమని ఆయన కృషిని చూస్తే తెలుస్తుంది.

క్రియలు: తెలుగులో మూడు నాలుగు మాటలుగా చెప్పే విషయాన్ని సవరలో ఒకే క్రియగా చెప్పవచ్చు. సవరలో చాలా నామవాచకాలకు పూర్తి రూపంతోపాటు ఒక కురచ రూపం ఉంటుంది. ఆ కురచ రూపం క్రియాధాతువు వెనుక చేరుతుంది. గేదె మాంసం తింటున్నానని చెప్పవలసివస్తే తిను అనే ధాతువు, గేదె అనే పదానికి కురచ రూపం, కాలాన్ని తెలిపే ప్రత్యయం, నేను అనే అర్థమిచ్చే ప్రత్యయం వరుసగా కలిసి ఒక్క పదమవుతుంది. తెలుగు వాక్యాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్కకు సవర మాట వెదికేవారికి ఈ పదం ఎన్నటికీ దొరకదు.

సంఖ్యలు: సవరలో లెక్క పన్నెండు మీద, ఇరవై మీద ఆధారపడి ఉంటుంది. పదమూడును పన్నెండు మీద ఒకటిగా, పందొమ్మిదిని పన్నెండు మీద ఏడుగా చెబుతారు. ముప్ఫై రెండు అంటే ఇరవై మీద పన్నెండు. ముప్ఫై తొమ్మిది అంటే ఇరవై మీద పన్నెండు, దాని మీద ఏడు. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. పదుల లెక్కతో తయారైన ఎక్కాలను తెలుగులో వల్లెవేయించే ఉపాధ్యాయునికి సవర బాలుడు లెక్క తెలియనివాడుగా కనిపించవచ్చు. కాని ఆ బాలుడు తన ఇంట మరొక పద్ధతిలో లెక్క నేర్చుకొనే బడికి వచ్చాడు.

భావాలు: సవరల సంప్రదాయంలో మరణించినవారు బ్రతికి ఉన్నవారితో మాట్లాడతారు. పూనకంలో ఉన్న పూజారి లేక పూజారిణి నోట పితరులు పలుకుతారు. బంధువులు వారిని ప్రశ్నిస్తారు, నిష్ఠూరమాడతారు, ఏడుస్తారు, సమాధానపడతారు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలోను, పియర్స్ విటెబ్స్కీ 1993లో ప్రచురించిన డయలాగ్స్ విత్ ద డెడ్ అనే గ్రంథంలోను ఈ సంభాషణల గురించి విస్తారమైన వర్ణనలున్నాయి. దయ్యం, దేవుడు, ఆత్మ వంటి తెలుగు మాటలు ఈ సందర్భానికి పూర్తిగా సరిపోవు. ఇటువంటి చోట్ల నిఘంటువులో ఒక మాటకు మరొక మాటను ఇచ్చి ఊరుకోక, ఆచారాన్ని వివరించి చెప్పవలసి వస్తుంది. దుఃఖాన్ని, భయాన్ని, ప్రేమను తెలిపే మాటలు ఆ జీవితాన్ని తెలిసినవారికే పట్టుబడతాయి. రామమూర్తి గూడేలకు వెళ్ళి పాటలు, కథలు సేకరించడానికి ఇది ముఖ్య ప్రయోజనం.

సవర పాఠశాలలు, వాచకాలు

భాష నేర్చుకున్న తరువాత రామమూర్తి దానిని తన పరిశోధనకు పరిమితం చేయలేదు. సవర పిల్లలకు సవరలోనే చదువు మొదలుపెట్టాలని భావించి తెలుగు లిపిలో సవర వాచకాలను, కథల పుస్తకాలను, పాటల పుస్తకాలను సిద్ధం చేశాడు. తెలుగు - సవర, సవర - తెలుగు పదకోశాలను కూర్చాడు. సొంత డబ్బుతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తానే ఇచ్చాడు. నెలకు 30 రూపాయలతో ఉద్యోగం మొదలుపెట్టి, తోబుట్టువుల బాధ్యత మోసిన వ్యక్తికి ఇది గణనీయమైన త్యాగమే.

పిల్లవాడు ఇంటిలో మాట్లాడే భాషలో అక్షరం నేర్చుకుంటే, తరువాత ఆ అక్షరంతోనే తెలుగు నేర్చుకోవడం సులభమవుతుందన్నది ఈ పాఠశాలల వెనుక ఉన్న ఆలోచన. తెలియని భాషను, తెలియని అక్షరాలను ఒకేసారి నెత్తిన పెడితే రెండూ రాక బడి మానివేసే ప్రమాదముంది. మాతృభాష ద్వారా ప్రాథమిక విద్య అన్న సూత్రాన్ని ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్థంలో అంతర్జాతీయ సంస్థలు సిఫారసు చేశాయి. అంతకు చాలాకాలం క్రితమే పర్లాకిమిడి కొండలలో ఒక ఉపాధ్యాయుడు దానిని సొంత ఖర్చుతో ఆచరణలో పెట్టాడు.

వ్యాకరణము, నిఘంటువులు

దశాబ్దాల పరిశ్రమ ఫలితంగా సవర భాషపై ఆయన రచించిన ఇంగ్లీషు వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. ఇంగ్లీషు - సవర నిఘంటువు 1933లో, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. చివరి గ్రంథం అచ్చయ్యేనాటికి ఆయనకు 75 ఏళ్ళు.

ఈ గ్రంథాలు ఇంగ్లీషులో ఉండటానికి కారణం లేకపోలేదు. ఏజెన్సీ పరిపాలన ఆనాడు ఇంగ్లీషులో సాగేది. సవరల భూమి తగాదాలను, నేర విచారణలను తేల్చే అధికారికి మధ్యవర్తి లేకుండా ఆ భాష నేర్చుకునే సాధనం దొరికింది. అదే సమయంలో ఈ గ్రంథాల వలన సవర భాష ప్రపంచ భాషాశాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. అమెరికాలో స్టాన్లీ స్టరోస్టా 1967లో సవర వాక్యనిర్మాణంపై సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించాడు. దక్షిణ ముండా భాషలను పరిశీలించేవారికి రామమూర్తి నిఘంటువు నేటికీ ఆధార గ్రంథమే.

తండ్రి కృషిని కుమారుడు గిడుగు వెంకట సీతాపతి (1885 - 1969) కొనసాగించాడు. ఆయన కూడా సవర నేర్చుకొని, సవరల భాష, ఆచారాలు, పాటల గురించి వ్రాశాడు. తెలుగు సాహిత్య చరిత్రకారుడుగా, బాలసాహిత్య రచయితగా కూడా సీతాపతి ప్రసిద్ధుడు.

వ్యావహారిక భాషోద్యమము

1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాల పాఠశాలల పర్యవేక్షకుడుగా జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చాడు. తాను నేర్చుకున్న తెలుగుకు, ప్రజలు మాట్లాడే తెలుగుకు మధ్య ఇంత తేడా ఎందుకున్నదని ఆయనకు సందేహం కలిగింది. ఈ ప్రశ్న ఆయనను, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యుడు పి.టి.శ్రీనివాస అయ్యంగారును, గురజాడను, రామమూర్తిని ఒకచోట చేర్చింది. పాఠశాలలో తెలుగు వాచకాన్ని బోధించే ఉపాధ్యాయుడు గ్రాంథిక వాక్యాన్ని వాడుక భాషలోకి మార్చి చెప్పేవాడు. విద్యార్థి దానిని అర్థం చేసుకొని, పరీక్షలో తిరిగి గ్రాంథికంలోకి మార్చి తప్పులతో వ్రాసేవాడు. తెలుగు పిల్లవాడు తెలుగును తెలుగులోకి అనువదించుకోవడంతోనే సరిపోతున్నదని, విషయ జ్ఞానానికి సమయం మిగలడం లేదని సంస్కర్తల వాదన.

రామమూర్తికి ఈ సమస్య కొత్తది కాదు. కొండలలో సవర పిల్లవానికి తెలుగు వాచకం ఎంత దూరమో, మైదానంలో తెలుగు పిల్లవానికి గ్రాంథిక వాచకం అంత దూరంగా ఉన్నదని ఆయన ఆచరణలో చూశాడు. పైగా లిపి లేని, వ్రాసిన గ్రంథం లేని సవరకు కూడా కట్టుదిట్టమైన వ్యాకరణం ఉన్నదని ఆయన స్వయంగా నిరూపిస్తున్నాడు. వ్రాతలో లేనంత మాత్రాన ఒక భాష నియమాలు లేనిది కాదన్న సంగతి ఆ కృషి వలన ఆయనకు స్పష్టమైంది. వాడుక భాషకు వ్యాకరణం లేదు, అది గ్రామ్యమన్న ఆక్షేపణకు ఆయన అంత గట్టిగా బదులు చెప్పగలగడానికి ఇది ఒక కారణమని భావించవచ్చు.

ఉద్యమం సులభంగా సాగలేదు. జయంతి రామయ్య పంతులు మొదలైన గ్రాంథికవాదులు తీవ్రంగా వ్యతిరేకించారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికానికి అండగా నిలిచింది. పరీక్షలలో వాడుక భాషకు లభించిన వెసులుబాటు కొద్దికాలంలోనే తొలగిపోయింది. రామమూర్తి 1913లో ఆధునికాంధ్రంపై ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన గ్రంథాన్ని ప్రకటించాడు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించాడు. గురజాడ మరణం తరువాత ఉద్యమభారం ప్రధానంగా రామమూర్తిపైనే పడింది.

1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా, రామమూర్తి కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొద్ది నెలలకే వీరేశలింగం మరణించాడు. రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను నడిపాడు. ఊరూరా సభలలో ప్రసంగించాడు. 1925లో తణుకులో జరిగిన సభలో నాలుగు గంటలపాటు ఉపన్యసించి, ప్రాచీన గ్రంథాల నుండి ఉదాహరణలు చూపుతూ తన వాదాన్ని నిరూపించాడు. గ్రాంథికంలో వ్రాస్తున్నామని చెప్పుకునే పండితుల రచనలలోనే వ్యాకరణ విరుద్ధమైన ప్రయోగాలను వందల సంఖ్యలో ఎత్తి చూపడం ఆయన పద్ధతి. 1933లో ఏర్పడిన నవ్య సాహిత్య పరిషత్తు వాడుక భాషకు మద్దతు ఇచ్చింది. 1930ల దశకంలో తాపీ ధర్మారావు జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపాడు.

పర్లాకిమిడి విడిచిపోవడము - చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణాన్ని, జమీందారీలో కొంత భాగాన్ని అందులో చేర్చారు. తెలుగువారు గణనీయంగా ఉన్న ఆ ప్రాంతాన్ని మద్రాసు రాష్ట్రంలోనే ఉంచాలని రామమూర్తి వాదించాడు. ఆ వాదన ఫలించకపోవడంతో, 1880 నుండి నివసించిన పట్టణాన్ని విడిచి రాజమండ్రికి వెళ్ళిపోయాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు.

ఆ సరిహద్దు సవరలను కూడా రెండు రాష్ట్రాలకు పంచింది. ఒకవైపు పిల్లలకు బడి భాష ఒడియా, మరొకవైపు తెలుగు అయింది. అదే 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించాడు. ఈ విధంగా సవరను తెలుగు, ఒడియా, రోమన్, సొరాంగ్ సొంపెంగ్ లిపులు నాలుగింటిలోను వ్రాయడం జరుగుతున్నది. సవర భాషకు ఎవరు లిపి నిర్ణయించాలన్న ప్రశ్నకు సవరలే తమ వంతు సమాధానం ఇచ్చారని ఈ సంఘటన తెలుపుతున్నది.

1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకులను ఉద్దేశించి వాడుక భాషను ఆదరించవలసిందిగా రామమూర్తి చివరిసారిగా విజ్ఞప్తి చేశాడు. జనవరి 22న మరణించాడు. విశ్వవిద్యాలయాలలోను, పాఠ్యపుస్తకాలలోను వాడుక భాష పూర్తిగా స్థిరపడటాన్ని ఆయన చూడలేదు.

ఏజెన్సీ ప్రాంతంలో తరువాతి కృషి

రామమూర్తి ప్రారంభించిన పని ఎంతవరకు వచ్చింది, ఎంత మిగిలి ఉంది అన్నది తూర్పు కనుమలలో ఇతర భాషల పరిస్థితిని చూస్తే తెలుస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ముంచింగిపుట్టు మండలం ఇందుకు మంచి ఉదాహరణ. మాచ్‌ఖండ్ నది, జలాపుట్ జలాశయం సమీపంలో ఒడిషా సరిహద్దున ఉన్న ఈ మండలం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతంలో మూడు భాషా కుటుంబాలు కలుస్తాయి. కోందుల కువి ద్రావిడ భాష. వివిధ తెగలవారు సంతలో పరస్పరం మాట్లాడుకునే ఆదివాసీ ఒడియా ఇండో-ఆర్య భాష. గదబలలో ఒక శాఖ మాట్లాడే గుతోబ్, పరెంగి పోర్జల గోరుం దక్షిణ ముండా భాషలు.

వీటిలో గోరుం సవరకు అతి సన్నిహితమైన భాష. రామమూర్తి పర్లాకిమిడి కొండలలో విన్న భాషకు సోదరి వంటి ఈ భాష ముంచింగిపుట్టు పరిసరాలలోను, దానికి ఆనుకొని ఉన్న ఒడిషాలోని కోరాపుట్ జిల్లాలోను మిగిలి ఉంది. కాని పరెంగి పోర్జలలో చాలామంది ఆదివాసీ ఒడియాకు, తెలుగుకు మారిపోవడంతో దీనిని ధారాళంగా మాట్లాడేవారు ఎక్కువగా వృద్ధులే. సవరకు ఒక శతాబ్దం క్రితం శ్రద్ధగల ఉపాధ్యాయుడు, వాచకం, నిఘంటువు లభించాయి. గోరుంకు తెలుగులో అటువంటి నిఘంటువు వెలువడకుండానే తరాలు గడిచాయి. కొండ సవరలు, గుతోబ్ గదబలు, పరెంగి పోర్జలు ముగ్గురూ ప్రభుత్వం గుర్తించిన ప్రత్యేక బలహీన ఆదిమ తెగలలో ఉన్నారు.

రామమూర్తి తరువాత మన్యం భాషలపై పనిచేసిన తెలుగువారిలో భద్రిరాజు కృష్ణమూర్తి ముఖ్యుడు. ఆయన అరకు ప్రాంతపు కొండ లేక కూబి భాషను పరిశీలించి 1969లో దాని వ్యాకరణ గ్రంథాన్ని ప్రకటించాడు. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం బహుభాషా విద్యా కార్యక్రమంలో భాగంగా గోండి, కొలామి, కోయ, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలలో తెలుగు లిపిలో ప్రాథమిక వాచకాలను తయారుచేయించింది. ఆ భాషలు మాట్లాడే ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు వాటి తయారీలో పాల్గొన్నారు. మొదట ఇంటి భాష, క్రమంగా తెలుగు, తరువాత ఇంగ్లీషు అన్నది ఆ కార్యక్రమ విధానం. పర్లాకిమిడిలో రామమూర్తి ఆచరించినది కూడా ఇదే విధానం. గోరుం, గుతోబ్ భాషలు ఆ ఎనిమిదింటిలో లేవు.

కృషి - పరిమితులు

రామమూర్తి కృషికి పరిమితులు లేకపోలేదు. ఆయన పాఠశాలలు ఒక వ్యక్తి సంపాదనపై నడిచినవి కాబట్టి విస్తరించలేకపోయాయి. ప్రధాన నిఘంటువులు ఇంగ్లీషులో వెలువడటం వలన సామాన్య సవర పాఠకునికి అవి అందుబాటులో లేవు. ఆయనకు భాష నేర్పిన సవరల పేర్లు ఆయన పేరువలె ప్రసిద్ధికి రాలేదు. అనువాదంలో సగభాగం వారిదేనన్న సంగతి మరువరాదు.

అయినప్పటికీ, ఒక భాషవారు మరొక భాషవారిని చదువురానివారుగా భావించి తమ భాషను నేర్పడానికి పూనుకునే కాలంలో, ముందు తాను విద్యార్థియై వారి భాష నేర్చుకున్న ఉపాధ్యాయుడు రామమూర్తి. ఆ పనికి తన డబ్బును, ఆరోగ్యాన్ని వెచ్చించాడు. రెండు భాషల మధ్య దారి వేయాలంటే పండితుల గ్రంథాలలో ఉన్న భాషపై కాక, ప్రజల నోట ఉన్న భాషపై దానిని నిలబెట్టాలని సవర కృషిలోను, తెలుగు ఉద్యమంలోను ఆయన ఒకే విధంగా నమ్మాడు.

బిరుదులు - గౌరవములు

* ప్రభుత్వం ఆయనకు రావు సాహెబు బిరుదును, కైజర్-ఇ-హింద్ పతకాన్ని ప్రదానం చేసింది.
* 1933లో రాజమండ్రిలో సప్తతి మహోత్సవం జరిగింది. ఆ సందర్భంగా దేశ విదేశ పండితుల వ్యాసాలతో ఒక అభినందన సంపుటం వెలువడింది.
* 1938లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

ముఖ్య రచనలు

* ఆధునికాంధ్రంపై విజ్ఞాపన గ్రంథము (ఇంగ్లీషు, 1913)
* సవర భాషా వ్యాకరణము (ఇంగ్లీషు, 1931)
* ఇంగ్లీషు - సవర నిఘంటువు (1933)
* సవర - ఇంగ్లీషు నిఘంటువు (1938)
* సవర వాచకాలు, కథలు, పాటలు (తెలుగు లిపిలో)
* బాలకవి శరణ్యము
* గద్య చింతామణి
* ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము
* వ్యాసావళి